దద్దమ్మ పద నిర్ధారణ కమిటీ

'ఉద్దానం తీర ప్రాంత సర్వతోముఖ వికాస మండలి చైర్మన్, జనహృదయ నేత శ్రీ శ్యాంసుందర్ గారిని ఈ నెల తొమ్మిదో తేదీన చిన గెడ్డపేట గ్రామంలో ఒక మహిళ "దద్దమ్మ" అన్న సంగతి ప్రజలకు విదితమే. సదరు పదానికి అర్థమేమిటి, అది ఎక్కడ పుట్టింది, ఎవరిని ఉద్దేశించి పుట్టింది అన్న అంశాలను కూలంకషంగా పరిశీలించేందుకు ముగ్గురు సభ్యులతో కమిటీని నియమించడమైనది. నివేదిక వెలువడే వరకు ప్రజలు ఆ పదాన్ని వాడకుండా సంయమనం పాటించవలసిందిగా కోరడమైనది.'

ఈ ప్రకటన పలాసలో వెలువడిన రోజున, అంతకు ముందు పదేళ్లలో ఎన్నిసార్లు వాడారో అన్నిసార్లు ఆ మాటను ఒక్కరోజులో వాడారు ప్రజలు. బస్టాండులో ఆటోవాళ్లు ఒకరినొకరు అలాగే పిలుచుకున్నారు. ఒక నాయకుడి మీద ప్రజలకు అంత అభిమానం ఉండడం ఈ రోజుల్లో అరుదు.

అసలు జరిగింది చిన్న విషయం. చిన గెడ్డపేటలో మంచినీళ్ల ప్లాంటు ఉంది. గోడలు లేచినప్పుడు శ్యాంసుందర్ గారు దాన్ని ఒకసారి ప్రారంభించారు. నీలం రంగు వేసినప్పుడు ఇంకోసారి ప్రారంభించారు. కుళాయి బిగించాక మూడోసారి వచ్చి, రిబ్బను కత్తిరించి, పూలదండ వేసిన కుళాయి తిప్పారు. అందులోంచి గాలి వచ్చింది. "గాలి వచ్చిందంటే నీళ్లు కూడా దారిలో ఉన్నట్టే" అని మైకులో ధైర్యం చెప్పారు.

ముందు వరసలో బిందెతో నిలబడ్డ సింహాచలమ్మ పలాసలో జీడిపప్పు ఒలిచే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఆ పూట సెలవు పెట్టి వచ్చింది. భర్తకు కిడ్నీల జబ్బు, వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో తాగేవి ఆటోలో తెచ్చుకునే టిన్ను నీళ్లే. ఆమె పక్కనున్న ఆవిడ వైపు తిరిగి అంది:

"ఓలమ్మ! మూడుమాట్లు రిబ్బను కత్తిరించీసినాడు గానీ ముంతడు నీరు తేనేకపోనాడు. దద్దమ్మ!"

ఆమె మెల్లగానే అంది. మైకు దగ్గరగా ఉంది. ఎవరో తీసిన వీడియో సాయంత్రానికి ఇచ్ఛాపురం దాటిపోయింది.

కమిటీకి అధ్యక్షుడిగా త్రినాథరావు మాస్టారిని వేశారు. ఆయన పలాస హైస్కూల్లో తెలుగు మాస్టారు, రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన ఎవరికీ 'కాదు' అన్నది లేదు. ఎన్నికల డ్యూటీ ఆయనదే, జనాభా లెక్కలు ఆయనవే. ఒక ఏడాది కుక్కల లెక్క కూడా తీసుకున్నారు. అందుకని కమిటీ ఉత్తర్వు ఎవరి పేరున రాయాలన్న ప్రశ్నే రాలేదు.

ఉత్తర్వు చదివి ఆయన భార్య గౌరీశ్వరి ఆశ్చర్యపోయింది.

"ఏటండీ, ఆ మాటకి అర్థం తెలీకేనా కమిటీ వేసినారు? నన్నడిగితే నాను సెప్పీదును కదా."

"తెలియక కాదు గౌరీ. అందరికీ తెలిసిపోయింది కనక" అన్నారు మాస్టారు చొక్కా తొడుక్కుంటూ.

"మరి మీరెళ్లి ఏటి సేత్తారు?"

"పరిశీలిస్తాను" అని గొడుగు తీసుకుని బయల్దేరారు.

మండలి ఆఫీసు కాశీబుగ్గలో ఒక బేకరీ పైన ఉంది. ఎప్పుడూ బన్నుల వాసన వేస్తుంటుంది. మండలికి ఉన్న అధికారాలు రెండు: సూచనలు చేయడం, కమిటీలు వేయడం. వాటిని శ్యాంసుందర్ గారు ఏనాడూ దుర్వినియోగం చేయలేదు. సూచనలు చేసేవారు, ఎవరూ వినకపోతే కమిటీ వేసేవారు.

మొదటి సమావేశానికి మిగిలిన ఇద్దరు సభ్యులూ వచ్చారు. ఒకరు ఎస్సై ఢిల్లీరావు, రెండోవాడు చైర్మన్ గారి పీయే దుర్గాప్రసాద్.

ఎస్సై టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "మాస్టారూ, నా ప్రాబ్లెమ్ సింపుల్. సార్ కంప్లయింట్ ఇచ్చారు. వేరే తిట్లయితే మా స్టేషన్లో రికార్డుంది, ఏది తిట్టో ఏది కాదో నాకు తెలుసు. ఈ మాటకి రికార్డు లేదు. ఇది తిట్టు అని మీరు రాసిచ్చారంటే రేపే ఆమెను తెచ్చేస్తాను. కాదని రాశారంటే ఫైలు మూసేస్తాను."

"తెచ్చి ఏం చేస్తారు బాబూ?"

"ఏం చేస్తాం? రోజూ పొద్దున్న వచ్చి స్టేషన్లో సంతకం పెట్టి వెళ్లమంటాం. ఫ్యాక్టరీ పని పోతుందనుకోండి. అది మా పరిధిలోకి రాదు."

త్రినాథరావు మాస్టారు తెరిచిన పెన్నుకి మళ్లీ మూత పెట్టేశారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన రాసిన కాగితం వల్ల ఒకరికి మంచి జరగడం గానీ చెడు జరగడం గానీ ఇంతవరకూ లేదు. ఇలాంటి కాగితం ఆయన చేతికి రావడం ఇదే మొదలు.

దుర్గాప్రసాద్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "మాస్టారూ, సార్ ఇమేజ్ బాగా డ్యామేజ్ అయింది. మీటింగుకెళ్తే వెనకనించి ఎవడో ఒకడు అనేస్తున్నాడు. దీన్ని పాజిటివ్‌గా తిప్పాలి. పదం సంస్కృతంలోంచి వచ్చిందంటే బెస్ట్."

"ముందు జనం ఏ అర్థంలో వాడుతున్నారో చూడాలి కదండీ" అన్నారు మాస్టారు.

"ఫీల్డ్ స్టడీ! సూపర్. మండలి జీపుంది."

మర్నాడు కమిటీ నౌపడ వెళ్లింది. ఉప్పు మడిలో ఒక ముసలాయన ఉప్పు లాగుతున్నాడు. ఎస్సై లాఠీ చంకలో పెట్టుకుని వంగి, వీలైనంత మర్యాదగా అడిగాడు:

"తాతా, దద్దమ్మ అంటే ఏంటి?"

ముసలాయన ముగ్గురినీ చూశాడు. జీపును చూశాడు. దుర్గాప్రసాద్ చేతిలో ఫైలును చూశాడు.

"ఇది అడగడానికి పనులు మానీసి ముగ్గురూ జీపేసుకుని ఇంత దూరం వచ్చినారేటి బావూ?"

"అవును."

"మరింకేటి సెప్పమంతారు?" అని తిరిగి ఉప్పు లాక్కోవడంలో పడ్డాడు.

'సమాధానం ప్రశ్న రూపంలో లభించింది' అని దుర్గాప్రసాద్ నమోదు చేసుకున్నాడు.

టెక్కలి బస్టాండు దగ్గర టీకొట్టాయన మాత్రం వివరంగా చెప్పాడు. "అధికారమున్నాది, కారున్నాది, నోరున్నాది. ఏ పనీ అవదు. అలగుండేవోడిని దద్దమ్మ అంతాం."

దుర్గాప్రసాద్ గబగబా రాశాడు. మాస్టారు తొంగి చూశారు. 'దద్దమ్మ: అధికారము, వాహనము, వాక్చాతుర్యము గల వ్యక్తి' అని ఉంది.

"చివరి ముక్క వదిలేశారు" అన్నారు మాస్టారు.

"స్పేస్ లేదండి" అన్నాడు దుర్గాప్రసాద్.

తిరిగి వస్తుంటే తోవలో జీడి తోటల పక్కన జీపు ఆగింది. మాస్టారు దిగి కాసేపు నిలబడ్డారు. నిజం రాస్తే సింహాచలమ్మ స్టేషన్ మెట్లెక్కాలి. రాయకపోతే తాను ఇన్నాళ్లూ చెప్పిన తెలుగు పాఠాలకు అర్థం లేదు. ఎక్కువసేపు ఆలోచించలేదాయన. పాఠాలు విన్న పిల్లలు ఎలాగూ మర్చిపోయి ఉంటారనుకున్నారు.

నివేదిక పదకొండు పేజీలు వచ్చింది. సారాంశం ఇది: సంస్కృతంలో 'దదాతి' అంటే ఇచ్చుచున్నాడు. ఇచ్చేవాడు 'దద'. తల్లిలా ఇచ్చేవాడు కనక 'దద'కు 'అమ్మ' కలిస్తే దద్దమ్మ. మధ్యలో దకారం ఎందుకు రెట్టించిందంటే, ఇచ్చే చెయ్యి ఒకసారి ఇచ్చి ఊరుకోదు కనక. ఈ పదం ఉద్దానం ప్రాంతంలో పూర్వం మహాదాతలను సంబోధించడానికి వాడి ఉండవచ్చును. కాలక్రమాన అలాంటివారు లేకపోవడం చేత అర్థం మరుగున పడింది.

ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదని మాస్టారికి తెలుసు. సంతకం పెట్టాక ఆయనకు ఎన్నడూ లేనంత తేలిగ్గా అనిపించింది. ఇంటికెళ్లి రెండోసారి వడ్డించుకుని తిన్నారు.

ఎస్సై ఢిల్లీరావు ఫైలు మూసేశాడు.

నివేదిక చదివిన శ్యాంసుందర్ గారి కళ్లు చెమ్మగిల్లాయి. "సూసినావా దుర్గా! అంత మాట అన్న తల్లిని నేను అపార్థం చేసుకున్నాను. పామరులే అయినా ప్రజలకి గుండెల్లో భాష ఉంటాదిరా" అన్నారు.

వారం తిరక్కుండా కాశీబుగ్గలో సన్మానం జరిగింది. జీడిపప్పుతో చేసిన దండ వేసి, 'ఉద్దాన దద్దమ్మ' అన్న బిరుదు ప్రదానం చేశారు. రైల్వే స్టేషన్ నుంచి మందస రోడ్డు దాకా ఫ్లెక్సీలు కట్టారు. 'మా దద్దమ్మకు శుభాకాంక్షలు', 'దద్దమ్మ బాటలో యువత', 'ఒకే నాయకుడు, ఒకే దద్దమ్మ'. కార్యకర్తలు నినాదాలిస్తుంటే రోడ్డు మీద వెళ్లేవాళ్లు కూడా ఆగి ఉత్సాహంగా గొంతు కలిపారు. ఇంత స్వచ్ఛందంగా ప్రజలు పాల్గొన్న కార్యక్రమం ఆ నియోజకవర్గంలో ఇంతవరకూ లేదని పత్రికలు రాశాయి. అది నిజమే.

అంతా బాగుంది అనుకుంటుండగా పైనుంచి ఫోనొచ్చింది.

ఫోను పెట్టేసి దుర్గాప్రసాద్ పాలిపోయిన మొహంతో చైర్మన్ గారి గదిలోకి వెళ్లాడు. నివేదిక మంత్రిగారు కూడా చదివారట. అంత గొప్ప బిరుదు ఉండగా, మంత్రిని పక్కన పెట్టి మండలి చైర్మన్‌కి ఇవ్వడం ప్రోటోకాల్ ప్రకారం తప్పట. వచ్చే ఆదివారం టెక్కలిలో సభ పెట్టి మంత్రిగారికి 'రాష్ట్ర దద్దమ్మ' ఇస్తున్నారట. ఇక్కడి ఫ్లెక్సీలు దింపెయ్యాలట.

శ్యాంసుందర్ గారు బల్ల మీద గుద్దారు. "ఆయనకేటి అర్హత ఉన్నాది? ఆయన్ని ఒక్కడైనా దద్దమ్మ అన్నాడేటి? నన్ను జనం అన్నారు! మైకులో అన్నారు! వీడియో ఉన్నాది!"

"సార్, వీడియోలో ఆమె ఎవర్ని అందో క్లియర్‌గా లేదంటున్నారు. ఆ రోజు స్టేజీ మీద మంత్రిగారి ఫోటో కూడా ఉంది కదా, ఆ ఫోటోని చూసి అందని వాళ్ల వాదన."

చైర్మన్ గారు లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు. "అయితే ఆమె సేతే రాయించు. దద్దమ్మ అన్నది నన్నే అని. సంతకం పెట్టించు. మాస్టార్ని తీసుకురా, భాషలో లొసుగుండకూడదు."

అలా కమిటీ మళ్లీ బయల్దేరి చిన గెడ్డపేట వెళ్లింది, ఈసారి చైర్మన్ గారితో కలిసి. సింహాచలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. వీధిలో రెండు కార్లు ఆగడం చూసి లేచి నిలబడింది. ఎస్సై టోపీ కనబడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బయపడకమ్మా. ఏటీ లేదు. ఆ రోజు నన్ను దద్దమ్మ అన్నావు కదా?" అన్నారు శ్యాంసుందర్ గారు ఆప్యాయంగా.

"లేదు బావూ! నాననలేదు. అన్నా మిమ్మల్ని కాదు."

"అన్నావమ్మా! నన్నే అన్నావు! గుర్తు తెచ్చుకో!"

"నా పిల్లల మీద ఒట్టు బావూ, నాననలేదు."

"వీడియో ఉంది కదమ్మా" అని దుర్గాప్రసాద్ ఫోను చూపించబోయాడు. ఆమె ఇంట్లోకి పోబోయింది. అప్పుడు త్రినాథరావు మాస్టారు ముందుకొచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆమెను కూడా కూర్చోమని, కాగితం మెల్లగా చదివి వినిపించారు.

'చిన గెడ్డపేట కాపురస్తురాలు సింహాచలమ్మ అను నేను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా, శ్రీ శ్యాంసుందర్ గారిని ప్రప్రథమంగా దద్దమ్మ అని పిలిచితినని, వారు తప్ప వేరెవరూ అందుకు తగరని ధ్రువీకరించుచున్నాను.'

ఆమె రెండోసారి చదవమంది. మాస్టారు రెండోసారి చదివారు.

"ఇది కేసు కాదేటి?"

"కాదమ్మా. కేసు ఎప్పుడో పోయింది. ఇప్పుడు వీరికే ఇది కావాలి."

ఆమె ముఖంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. "పెట్టకపోతేనో?"

అందరూ మాస్టారి వైపు చూశారు. పెట్టక తప్పదని చెప్పమని దుర్గాప్రసాద్ కళ్లతో సైగ చేశాడు.

"పెట్టకపోతే ఏమీ అవదమ్మా. నీ ఇష్టం. తొందరేం లేదు" అన్నారు మాస్టారు.

అన్నాక ఆ మాట అన్నది తానేనా అని ఆయనకే అనుమానం వచ్చింది.

సింహాచలమ్మ చేతులు కట్టుకుంది. "అలగైతే బావూ, కుళాయిలోన నీరు రప్పించండి. నీరొచ్చిన రోజున వచ్చి పెడతాను."

"నీళ్లకీ దీనికీ ఏటమ్మా సంబంధం?" అన్నారు చైర్మన్ గారు బాధగా.

"నాకున్నాది బావూ."

ఆదివారానికి ఇంక మూడు రోజులే ఉంది. ప్లాంటుకి ఏం తక్కువైందని శ్యాంసుందర్ గారు మొదటిసారి అడిగారు. మోటారు లేదు. మోటారు ఎక్కడుంది? టెక్కలి గొడౌన్లో. ఆయన అప్పటికప్పుడు కారు తిప్పించి టెక్కలి వెళ్లారు. గొడౌను చూసుకునే ఆయన తాళం తీసి, దుమ్ము దులిపి, మోటారు చూపించాడు.

"దీనికెవరి ఆర్డరు కావాలి? ఎవరితో మాటాడాలి?" గర్జించారు చైర్మన్ గారు.

"ఆర్డరెప్పుడో వచ్చీసిందండి. ఎవరైనా వస్తే ఇచ్చీడానికి పద్నాలుగు నెలలబట్టి సూత్తన్నాను. ఎవరూ రానేదు" అన్నాడాయన.

శ్యాంసుందర్ గారు మోటారు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. తరవాత మోటారును వ్యానెక్కించారు. ఎక్కించేటప్పుడు తన చెయ్యి కూడా వేశారు. మసి అంటుకుంటే చొక్కాకే తుడుచుకున్నారు. ఆ రెండు రోజులూ ఆయన మనిషే మారిపోయారు. మెకానిక్కుకి టీ తెప్పించారు, పైపు చాలకపోతే పలాస వెళ్లి తానే తెచ్చారు, అన్నం కూడా పంపు గది దగ్గరే తిన్నారు. ఆయన్ని చూసి మాస్టారికి కూడా ముచ్చటేసింది.

శనివారం పదకొండు గంటలకు మోటారు తిరిగింది. కుళాయి ముందు దగ్గింది, తరవాత ఎర్రటి నీళ్లు కక్కింది, ఆ తరవాత తెల్లగా, సన్నగా, ఆగకుండా ధార కట్టింది. ఎవరూ రిబ్బను తేలేదు. ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. సింహాచలమ్మ దోసిలి పట్టి తాగి, తడి చేత్తో మొహం తుడుచుకుని, బిందె నింపుకుని, భర్తకు ఒక గ్లాసు ఇచ్చి వచ్చింది.

శ్యాంసుందర్ గారు కమిటీ ముగ్గురితో కలిసి కాగితం, పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నారు. "రా తల్లీ. మాట నిలబెట్టుకున్నాను. ఇంక సంతకం పెట్టీ."

సింహాచలమ్మ పెన్ను తీసుకోలేదు. ఆయన్ని చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"ఎలగ పెట్టమంతారు బావూ? నీరు తెచ్చినారు కదా. ఇప్పుడు మిమ్మల్ని ఆ మాటంటే అబద్ధమైపోదేటి?"

"అబద్ధం కాదమ్మా! దాని అర్థం వేరే! మాస్టారూ, సెప్పండి!"

"మాస్టారు నివేదికలోన ఏటి రాసినారో నాకు తెలీదు బావూ. నాకు తెలిసిన అర్థం ఒకటే. నిన్నటిదాకా మీరు దానికి సరిపోయినారు. ఇయాల సరిపోరు." ఆయన మొహం చూసి జాలిపడి, "మంత్రిగారి పేరు రాసి తెండి, ఇప్పుడే పెట్టీస్తాను" అంది.

నీళ్ల దగ్గర ఆడవాళ్లు ఫక్కున నవ్వారు.

శ్యాంసుందర్ గారు చాలాసేపు ధార వైపే చూస్తూ నిలబడ్డారు. ఆ నీళ్లు ఆయన తెచ్చినవే. ఫోటో తీసినవాళ్లు కూడా లేరు. ఆదివారం రేపే. ఆయన మెల్లగా మెకానిక్ దగ్గరకు వెళ్లి, గొంతు తగ్గించి అడిగారు:

"ఇది మళ్లీ విప్పడానికెంతసేపు పడతాది?"

"నాలుగు బోల్టులండి. అరగంట" అన్నాడు మెకానిక్, ఎందుకో అర్థం కాకపోయినా.

"రెండు రోజులకే. సోమవారం మళ్లీ బిగించీవచ్చు."

మెకానిక్ స్పానర్ కోసం సంచిలో వెతకడం మొదలెట్టాడు. త్రినాథరావు మాస్టారు ఆ మాట విన్నారు. గబగబా నడిచి వెళ్లి, చెప్పులు పక్కన విడిచి, పంపు గది గుమ్మానికి అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. గొడుగు ఒళ్లో పెట్టుకున్నారు.

"మాస్టారూ, లేవండి" అన్నారు చైర్మన్ గారు.

"మోకాళ్లు నొప్పులండి. ఒకసారి కూర్చుంటే లేవలేను."

"లేవమంటన్నాను కదా!"

"లేవనండి."

ఎస్సై ఢిల్లీరావు ఆకాశంలోకి చూశాడు. ఇది తన పరిధిలోకి వస్తుందా రాదా అని ఆలోచిస్తున్నట్టు కనిపించాడు. బిందెలు నిండుతూనే ఉన్నాయి. శ్యాంసుందర్ గారికి మెడ నరాలు పొంగాయి. మూడు రోజుల శ్రమ, రేపు పోబోతున్న బిరుదు, ఈ ముసలి తెలుగు మాస్టారు, అన్నీ కలిసి ఒక్కసారి గొంతులోకి వచ్చేశాయి.

"దద్దమ్మ!" అని అరిచారాయన.

మాస్టారు కూర్చున్నచోటే వినయంగా చేతులు జోడించారు. దుర్గాప్రసాద్ అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాడు.